ఊచల మీద పెనం

మూడో సాసేజ్ కూడా డెల్బర్ట్ పటకారులోంచి జారి, గ్రిల్ అంచు మీద ఒక్క క్షణం ఆగి, గడ్డిలోకి దొర్లింది. మొదటి రెండూ తమ్ముడి కుక్క తినేసింది. ఈ మూడోదాన్ని వాసన చూసి వదిలేసింది. దాని కడుపూ నిండిపోయినట్టుంది.

తమ్ముడి భార్య పాటీ నవ్వింది. ఆవిడ నవ్వితే పక్కవాళ్ళకీ నవ్వొస్తుంది. తమ్ముడు రోజర్ మాత్రం నవ్వకుండా లేచి వచ్చి, ఎడంచేతిలో బీరు డబ్బా అలాగే ఉంచుకుని, కుడిచేత్తో అన్న చేతిలోని పటకారు తీసేసుకున్నాడు. "నువ్వు కూర్చో అన్నయ్యా. ఈ వేసవి నుంచి ఇది నా పని అనుకో" అన్నాడు. మంచిగానే అన్నాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డగా అని ఉంటే తిరిగి ఒక మాట అని సరిపెట్టుకోవచ్చు. తరిగిన ఉల్లిపాయల గిన్నె పట్టుకుని అప్పుడే వంటింటి గుమ్మం దిగుతున్న ఆర్లీన్, భర్త ఖాళీ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకోవడం చూసింది. జేబులో కూడా ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. పైనుంచి గుడ్డ కదులుతూ కనిపిస్తోంది.

మా విస్కాన్సిన్‌లో, మా ఊళ్ళోనే కాదు చుట్టుపక్కల ఏ ఊళ్ళో అయినా, ఏడాదిలో తొమ్మిది నెలలు పొయ్యి ఆడదానిది. మంచు కరిగి, పెరట్లో గ్యాస్ గ్రిల్ మీద కప్పిన ముసుగు తీసిన రోజునుంచీ వంట మగవాడిదైపోతుంది. మాంసం కొని తెచ్చేదీ, మసాలా పట్టించేదీ, ఉల్లిపాయలు తరిగేదీ, చివర్న గిన్నెలు తోమేదీ ఆవిడే. పటకారు పట్టుకుని నిలబడేది ఆయన. తిన్నవాళ్ళందరూ ఆయన భుజం తట్టి వెళ్తారు. ఇది న్యాయమా అని ఆర్లీన్‌ను ఎవరైనా అడిగితే కాదనే చెప్పేది. కానీ రచ్చ చెయ్యలేదెప్పుడూ. పాల ట్యాంకరు ఒంటరిగా తోలి తోలి ఇంట్లో కూడా నోరు విప్పడం మరిచిపోయిన డెల్బర్ట్, ఆ గ్రిల్ ముందు నిలబడితే మాత్రం వచ్చినవాళ్ళందరితో నాలుగు మాటలు మాట్లాడతాడు, జోకులు కూడా వేస్తాడు. అలాంటి చోటు అతనికి ఇంకొకటి లేదు.

ఆ ఆదివారం వెళ్ళేటప్పుడు రోజర్, "పైవారం సోమవారానికి నా పటకారు నేనే తెచ్చుకుంటాను వదినా" అన్నాడు. పైవారం సోమవారమంటే మే నెల చివరి సోమవారం. పొద్దున సమాధుల దగ్గర పూలు పెట్టి, మధ్యాహ్నం క్రూగర్ ఇంటిపేరున్న బలగం అంతా, పిల్లా జెల్లా కలిపి ఇరవైమంది, పెద్దవాడైన డెల్బర్ట్ పెరట్లో తినే రోజు. ఆ రోజు గ్రిల్ ముందు రోజర్ నిలబడితే, ఇక బతికినన్నాళ్ళూ రోజరే నిలబడతాడు. అది ఆర్లీన్‌కి తెలుసు. డెల్బర్ట్‌కీ తెలుసు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆర్లీన్ ఏడవలేదు. గిన్నెలు తోముతున్నంతసేపూ పాటీ నవ్వు చెవిలో పెట్టుకుని తోమింది. ఆఖరి పళ్ళెం తుడిచి పెట్టేసరికి ఏం చెయ్యాలో తేల్చుకుంది.

మంగళవారం, బట్టలు కొలిచే టేపుతో గ్రిల్ లోపలి కొలతలు తీసుకుంది. డెల్బర్ట్ గ్యారేజీలోంచి తొంగిచూసి దేనికని అడిగితే, ముసుగు చిరిగింది, కొత్తది కుడదామని చెప్పింది.

ఆర్లీన్ ఇరవయ్యారేళ్ళు ఊరి బడి వంటింట్లో పనిచేసింది. మూడడుగుల ఇనప పెనం మీద నాలుగువందలమంది పిల్లలకి అట్లు పోసింది, రొట్టెలు కాల్చింది. అక్కడ ఆవిడ పక్కన బెర్నీస్ అని ఒకావిడ ఉండేది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేది గానీ, పెనం ముందు ఎవరికీ తీసిపోయేది కాదు. పటకారుకి వేళ్ళలో పట్టు కావాలి. అట్లకాడకి అక్కర్లేదు, రెండు చేతులా పట్టుకుని తోస్తే చాలు. పైగా గట్టు ఉన్న పెనం మీంచి ఏదీ దొర్లిపోదు. గ్రిల్ ఊచల మీద అమర్చుకునే పెనాలు దుకాణంలో దొరుకుతాయి. మంచిది ఒకటి ఏరుకోవాలి, అంతే.

హార్డ్‌వేర్ దుకాణం డ్వేన్ మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. పోత ఇనుముది ఒకటి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకుది ఒకటి. నల్ల ఉక్కు పలకది ఒకటి. మీ ఆయన ఏం వండుతారు, ఆయన్ని కూడా తీసుకొస్తే బాగుండేది కదా అన్నాడు. ఆర్లీన్ కళ్ళజోడు పైకి జరుపుకుని, "రెండో తరగతిలో నువ్వు మారడిగి మరీ తిన్న అట్లు ఎవరు పోశారు డ్వేన్? మా ఆయనా?" అంది. నలభయ్యేళ్ళవాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

తర్వాత ఆవిడ పని ఆవిడ చేసుకుంది. పోత ఇనుముదాన్ని రెండు చేతులా ఎత్తి చూసింది. వేడి చక్కగా నిలుపుతుంది, దానికి వంక లేదు. కానీ అది ఎత్తి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి, కడిగి వెంటనే తుడవకపోతే తుప్పు. పక్కన పెట్టింది. స్టీలుదాన్ని ఒక మూల బొటనవేలితో నొక్కితే అవతలి మూల లేచింది. "ఇది వేడెక్కితే నడ్డి విరిగిన పాములా లేస్తుంది. నూనె అంతా ఒక పక్కకే పోతుంది" అని అదీ తోసేసింది. ఉక్కు పలకను బల్ల మీద బోర్లించి, దానికిందకు రసీదు కాగితం దూర్చి చూసింది. ఎక్కడా దూరలేదు. వేలి కణుపుతో కొడితే మొద్దుగా, నిండుగా మోగింది. బరువు ఒక మనిషి మోసేంత. మూడు వైపులా ఎత్తుగట్టు, ముందువైపు అట్లకాడ ఆడేందుకు పొట్టిగట్టు.

అందులో పెద్ద సైజు అడిగింది. గ్రిల్ గోడ నుంచి గోడ దాకా సరిగ్గా పట్టే సైజు. కొంచెం చిన్నది తీసుకుంటే నయమేమో, చుట్టూ కాస్త జాగా ఉండాలంటారు అని డ్వేన్ నసిగాడు. ఇరవైమందికి వండే పెనం పెద్దదే ఉండాలి, నాకు నేర్పకు అని ఆర్లీన్ ఆ పెద్దదే కట్టించుకుంది.

బుధవారం డెల్బర్ట్ మంగలి దుకాణానికి వెళ్ళిన సమయం చూసి, పెనాన్ని సబ్బుతో కడిగి తుడిచి, ఊచల మీద దించింది. ముద్దుగా, గోడలకి అతుక్కున్నట్టు కూర్చుంది. నాలుగు బర్నర్లూ పెద్దమంట మీద వెలిగించి, గుడ్డముక్కతో నూనె పల్చగా రాసింది. కొత్త ఉక్కుకి నూనె పట్టించి, పొగ వచ్చేదాకా కాల్చి, మళ్ళీ రాయాలి. నాలుగుసార్లు రాస్తే నల్లబడి నిగనిగలాడుతుంది. అప్పుడిక ఏదీ అంటుకోదు. ఇది ఆవిడకి కళ్ళు మూసుకుని చేసే పని. రెండో పూత కూడా అయింది. మూడోదానికి నూనె సీసా అందుకుంటుంటే, వాసన తేడాగా తగిలింది. నూనె పొగ కాదు. ప్లాస్టిక్.

ఆవిడ తేరుకునేలోపు డెల్బర్ట్ పెరటి గేటు తోసుకుని వచ్చాడు. గబగబా నడవలేని మనిషి ఆ నాలుగడుగులూ గబగబానే వేశాడు. గ్రిల్ నాబ్‌ల జోలికి పోకుండా ముందు వంగి సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేశాడు. అప్పుడు చూశారు ఇద్దరూ. మధ్య రెండు నాబ్‌లూ మెత్తబడి, ఎండకు పెట్టిన మైనంలా కిందికి వాలిపోయాయి.

"మంట పైకి పోవడానికి ఎక్కడా సందు లేకుండా మూసేశావు. అందుకే వేడంతా ముందుకొచ్చింది" అన్నాడు. బడిలో పెనానికి వెనక పొగగొట్టం ఉండేదిగా, దీనికి చుట్టూ వదిలిన జాగానే గొట్టం అని, ఇంజను గురించి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆర్లీన్‌కి తల కొట్టేసినట్టయింది. ఇరవయ్యారేళ్ళ అనుభవం కాస్తా ఆ రెండు నాబ్‌లతో పాటు కరిగిపోయింది.

కాసేపటికి డెల్బర్ట్, ముసుగు కుడతానన్నావు కదా అన్నాడు. ఇక దాచేదేం లేదు. సోమవారం నువ్వే వండాలి, అందుకని కొన్నానని చెప్పేసింది. రోజర్ వండుతానన్నాడుగా అన్నాడు అతను. రోజర్ వండితే నేను తలనొప్పని తలుపేసుకుని పడుకుంటాను, మీ బలగాన్ని మీరే చూసుకోండి అంది ఆవిడ. డెల్బర్ట్ పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది. ఆదివారం తర్వాత అతని మొహంలో నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు. రేపు దుకాణానికి తనూ వస్తానన్నాడు.

నూనె పట్టించిన పెనాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. అది గ్యారేజీలో కారు కింద నూనె చుక్కలు పట్టే పళ్ళెమైంది. గురువారం ఇద్దరూ వెళ్ళి, అదే ఉక్కులో, రెండు పక్కలా నాలుగేసి వేళ్ళ సందు మిగిలే సైజు ఏరుకున్నారు. తనే ఎత్తి చూస్తానని డెల్బర్ట్ అరలోంచి దాన్ని లాగాడు. చెయ్యి వణికి, పెనం ఇనప అర మీద టకటకా కొట్టుకుంది. డ్వేన్ సాయానికి ఒక్క ఉదుటున వచ్చాడు. ఆర్లీన్ అతన్ని కళ్ళతోనే వెనక్కి నెట్టింది. అలా నెడుతున్నప్పుడు పెనం రెండో అంచు ఆవిడ చేతుల్లోనే ఉంది. ఆ సంగతి ఆవిడకి తోచలేదు.

అట్లకాడల దగ్గర డెల్బర్ట్ పొడుగు కర్రపిడి ఉన్నది పట్టుకుని చూసి, ఇది బాగుందన్నాడు. పొడుగుపిడితో అదుపు ఉండదు, బడిలో అందరం పొట్టిదే వాడేవాళ్ళమని చెప్పి, ఆర్లీన్ పొట్టిది బుట్టలో వేసింది.

కొత్త నాబ్‌లు డెల్బర్టే బిగించాడు. స్క్రూ తిప్పడానికి చాలాసేపు పట్టింది గానీ బిగించాడు. శుక్రవారం నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఆవిడ బంగాళాదుంపలు తురిమి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, గుడ్డు, కాస్త పిండి, ఉప్పు వేసి కలిపి గిన్నె తెచ్చేది. అతను గరిటెతో పెనం మీద వేసేవాడు. చెయ్యి వణికితే అట్టు ఏ జిల్లా పటంలాగానో వచ్చేది. వంకరైతే ఏం, కడుపులోకి వెళ్ళాక అన్నీ గుండ్రమే అంది. తిప్పడమే అసలు పని. తొందరపడి అట్లకాడ పెడితే చిరిగిపోతుంది, ఆలస్యమైతే మాడుతుంది. అంచు గోధుమరంగు తిరిగి, అట్టు తనంతట తను పెనాన్ని వదిలేదాకా ఆగాలి. ఆ క్షణం ఆర్లీన్‌కి చప్పుడును బట్టే తెలిసిపోతుంది. నూనె చిటపట సన్నబడుతుంది.

ఇంకా కాదు, అనేది. కాదు కాదు, ఆగు. ఇప్పుడు. ఇప్పుడే. అయ్యో, ఇటివ్వు. అని అట్లకాడ తీసుకుని, ఒక్క తోపులో తిప్పేసి, మళ్ళీ అతని చేతిలో పెట్టేది. చూశావా, అంతే, అనేది. అతను తల ఊపేవాడు. శుక్రవారం అంతా అలాగే గడిచింది. శనివారం కొంచెం నయం. నాలుగు అట్లు తనే తిప్పాడు. అయిదోది ఒక పక్క చిరిగింది. ఆరోదాని కింద అట్లకాడ దూర్చి, చెయ్యి కుదురుకోవడం కోసం ఆగాడు. అంచు నల్లబడుతోంది. ఆర్లీన్ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. అట్లకాడ తీసుకుంది, తిప్పింది. అట్టు బంగారంలా పడింది.

డెల్బర్ట్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"రోజర్ ఒక్కసారే లాక్కున్నాడు ఆర్లీన్" అన్నాడు.

కోపంగా అనలేదు. గుడ్డ మడిచి గ్రిల్ పక్కన పెట్టి, గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ అట్లకాడతో అక్కడే నిలబడిపోయింది. పెనం మీద అట్టు రెండో వైపు కాలి, మాడి, పొగ లేచింది. గ్యాస్ కట్టాలని కూడా తోచలేదు. నిన్నటినుంచీ ఎన్నిసార్లు తీసుకుందో లెక్కపెట్టుకోబోయి, తొమ్మిది దాటాక మానేసింది. సిగ్గేసింది. వారం రోజులుగా మరిదిని మనసులో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవన్నీ తనకి కూడా అతికినట్టు సరిపోయాయి.

పొరపాటైందని చెబుదామని రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఉప్పు అందివ్వమంది. అరవయ్యారేళ్ళ వయసులో కొత్తగా క్షమాపణ చెప్పడం ఆవిడకీ చేతకాలేదు, చెబితే వినడం అతనికీ చేతకాదు. ఆదివారం చర్చి అయ్యాక ఒక్కతే దుకాణానికి వెళ్ళి, పొడుగుపిడి అట్లకాడ కొని తెచ్చి, గ్రిల్ కొక్కేనికి తగిలించింది. పిండి కలిపి గిన్నె బయట పెట్టి లోపలికి వచ్చేసింది.

వంటింట్లో కూర్చుంటే కిటికీలోంచి చూడాలనిపిస్తుందని ఫ్రిజ్ ఖాళీ చేసి కడగడం మొదలుపెట్టింది. బయట కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అట్లకాడ పెనం మీద గీరుకున్న చప్పుడు. తర్వాత మాడు వాసన. ఆర్లీన్ రెండు చేతులా సింకు అంచు పట్టుకుంది. పోయి మంట తగ్గించమని చెప్పి వచ్చేస్తే చాలు, ముట్టుకోనక్కర్లేదు. కాళ్ళు గుమ్మం దాకా వెళ్ళాయి కూడా. వెనక్కి తిప్పుకుని, కడిగిన అరలే మళ్ళీ కడిగింది. సాయంత్రం అతను ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చాడు. ఎలా వచ్చాయని ఆవిడ అడగలేదు. కొన్ని వచ్చాయి అని అతనే చెప్పాడు.

సోమవారం మధ్యాహ్నానికి పెరడు నిండిపోయింది. పొద్దున్నే సమాధుల దగ్గర అత్తమామల రాళ్ళ ముందు పూలు పెట్టి వచ్చిన మనుషులు, ఎండకి ఆకలిమీద ఉన్నారు. రోజర్ పటకారు తెచ్చుకున్నాడు. నేరుగా వచ్చి గ్రిల్ మూత ఎత్తి, పెనం చూసి, ఇదేంటన్నయ్యా, హోటల్ పెట్టావా అన్నాడు. పెట్టాడు, నీకు అప్పు లేదు అని ఆర్లీన్ నాలుక చివరిదాకా వచ్చింది. బంగాళాదుంపల సలాడ్ గిన్నె మీద మూత సరిచేస్తూ ఊరుకుంది.

డెల్బర్ట్ పొడుగుపిడి అట్లకాడని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. సాసేజ్‌లు ఎత్తుగట్టు పక్కన వరసగా పేర్చి, అట్లకాడ అంచుతో దొర్లిస్తూ కాల్చాడు. ఒక్కటీ కింద పడలేదు. కుక్క కాసేపు ఆశగా చూసి వెళ్ళిపోయింది. తర్వాత అట్లు వేశాడు. మొదటిది చిరిగింది. రెండోదాని అంచు మాడింది. పాటీ నవ్వింది. మూడోదాని కింద అట్లకాడ పెట్టి, చెయ్యి కుదురుకునేదాకా ఆగాడు. అందరూ చూస్తున్నారు. అందరూ చూస్తుంటే చెయ్యి ఇంకా వణుకుతుంది. ఉక్కు మీద అట్లకాడ రేకు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు ఆర్లీన్ నిలబడ్డ బల్ల దాకా వినిపించింది.

రోజర్ చెయ్యి చాచాడు. "ఇటివ్వన్నయ్యా, నేను చూస్తాను."

ఆర్లీన్ సలాడ్ గిన్నె మీది మూత చేతిలోకి తీసుకుంది. ఒక్క మాట. ఆవిడ ఒక్క మాటంటే మరిది చెయ్యి వెనక్కి పోతుంది. ఆ మాట తను అంటే, వండుతున్న మనిషి ఏమవుతాడు? చేతిలో మూతని గట్టిగా పట్టుకుని, నేల చూసింది.

"నీ పళ్ళెమేదిరా?" అన్నాడు డెల్బర్ట్.

రోజర్‌కి అర్థం కాలేదు. పళ్ళెం లేకుండా వడ్డించుకుంటావా, పోయి తెచ్చుకుని వరసలో నిలబడు అన్నాడు అన్న, అట్టు మీంచి కళ్ళు ఎత్తకుండానే. రోజర్ తన పటకారు వంక చూసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక జేబులో దోపుకుని, పళ్ళెం కోసం వెళ్ళాడు. అంచు మాడినది అతని పళ్ళెంలోనే పడింది. నిలబడే తిన్నాడు. మాడింది అన్నయ్యా అన్నాడు. మాడింది అని డెల్బర్ట్ ఒప్పుకున్నాడు. ఇంకోటి కావాలా అంటే రోజర్ పళ్ళెం చాచాడు.

వరస కదలడం మొదలైంది. పెద్దత్త మనవరాలికి యాపిల్ గుజ్జుతో, చర్చి పక్కింటాయనకి పెరుగు మీగడతో అట్లు పడ్డాయి. డెల్బర్ట్ ఎవరికో ట్యాంకరు బోల్తా పడబోయిన కథ చెబుతున్నాడు. ఆర్లీన్ ఆ కథ యాభైసార్లు విన్నది, మళ్ళీ చెవి ఒగ్గి వింది.

"ఆర్లీన్" అని పిలిచాడు మధ్యలో.

పరుగెత్తబోయి, నడిచి వెళ్ళింది. పెనం మీద ఒకే ఒక అట్టు ఉంది. "ఇది అయిందంటావా?" అన్నాడు.

ఒక వైపు అంచు రంగు తిరిగింది, రెండో వైపు ఇంకా తెల్లగా ఉంది. సరిగ్గా అర నిమిషం కావాలి. జవాబు ఆవిడ పెదవుల మీదే ఉంది. భర్త మొహం చూసింది. అందులో భయం లేదు, బెదురు లేదు. బడి వంటింట్లో బెర్నీస్ తనని ఇలాగే అడిగేది, సాటి వంటమనిషిని అడిగినట్టు.

"నువ్వేమంటావ్?" అంది.

"ఇంకో నిమిషం ఆగుదామంటాను."

"అయితే ఆగుదాం."

ఇద్దరూ పెనం వంక చూస్తూ నిలబడ్డారు. అర నిమిషం దాటింది. అంచు ముదురుతోంది. ఆర్లీన్ చేతులు వెనక్కి కట్టుకుంది. వెనక వరసలోంచి పాటీ, "ఏంటక్కా ఇంకా ఎంతసేపు? ఆకలేస్తోంది" అంది.

"నన్నడుగుతావేం?" అంది ఆర్లీన్. "వండేది ఆయన. ఆయన్ని అడుగు."